ముందు నీళ్లడగండి

పలాస, టెక్కలి, ఉద్దానం పల్లెల్లో సువార్త చెబుతున్న పాస్టరుగార్లకు, సువార్తికులకు, మైకు పట్టుకుని ఊరూరా తిరుగుతున్న యువ సేవకులకు,



నేను మీకు తెలిసినవాణ్ణే. మీ సభల్లో వెనక వరసలో కూర్చుని, పాట వస్తే గొంతు కలిపి, కానుక సంచి వస్తే జేబు తడుముకునే ముసలి మాస్టారు ప్రతి ఊళ్లోనూ ఒకడుంటాడు కదా, వాణ్ణి. మందస మండలంలో, సముద్రపు హోరు వినబడేంత దూరంలో మా ఊరు. ముప్ఫై ఏళ్లు బళ్లో పాఠాలు చెప్పాను. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుఫాను పీకి పారేయగా మిగిలిన కొబ్బరిచెట్లు ఇరవై దాకా ఉన్నాయి. నాయనమ్మ నాటి నుంచి మేం బాప్టిస్టులం. నా భార్యకు మూడేళ్లుగా డయాలసిస్ జరుగుతోంది. వారానికి రెండుసార్లు పలాస ప్రయాణం.

ఒక గ్లాసుడు నీళ్ల గురించి మీకు రాయాలని చాలాకాలంగా అనుకుంటున్నాను. ఇవాళ ఆవిడ నాలుగు గంటలు మిషను పక్కన పడుకుని ఉంటే, బయట బెంచీ మీద కూర్చుని మొదలుపెట్టాను.

పోయినేడు చలికాలంలో మా పక్క ఊరి తోటలో మూడు రాత్రులు స్వస్థత సభలు జరిగాయి. పెట్టిందెవరో, మాట్లాడిందెవరో ఇక్కడ అనవసరం. పగటిపూట ఆ ప్రసంగీకుణ్ణి జబ్బుమనిషి ఉన్న ప్రతి ఇంటికీ తిప్పారు. మా ఇంటికీ కారు వచ్చింది. నా భార్య పొద్దుటి నుంచి ఎదురుచూస్తోంది. లేవొద్దంటే వినకుండా గోడ పట్టుకుని వంటింట్లోకి వెళ్లి, చింతపండుతో తోమి దాచిన కంచు గ్లాసు తీసి, నీళ్లు నింపి, పళ్లెంలో పెట్టి తెచ్చింది. ఆయన గ్లాసు అందుకున్నారు. కిటికీ గట్టు మీద పెట్టారు. డ్రైవరు వైపు చూశారు. కారులోంచి సీసా వచ్చింది. మూత తిప్పితే సీలు తెగిన చప్పుడు ఆ గదిలో అందరికీ వినిపించింది.

తర్వాత ఆయన చాలాసేపు ప్రార్థన చేశారు. గట్టిగా చేశారు. మూత్రపిండాలకు ఆజ్ఞ ఇచ్చారు. కారు వెళ్లిపోయింది. గ్లాసు మాత్రం నిండుగా అక్కడే ఉంది. ఆవిడ దాని వైపు చూస్తూ ఒక్క మాటంది: "నన్ను నీళ్లు తాగనివ్వరు. నా సేతి నీళ్లు ఎవులూ తాగరు."

ఆ గ్లాసులో ఉన్నవి మా బావి నీళ్లు కావు, ఫిల్టరు క్యాను నీళ్లు. ఆయన సీసాలో నీళ్లెంత శుభ్రమో అవీ అంత శుభ్రమే. అడిగి ఉంటే చెప్పేవాళ్లం.

ఆవిడన్న ఆ మాటలో మొదటి సగం మీకు అర్థం కావాలంటే డయాలసిస్ మనిషి ఇల్లు చూడాలి. మూత్రపిండాలు పనిచేయని మనిషికి లోపలికి వెళ్లిన నీరు బయటికి రాదు. కాళ్లలో, ఊపిరితిత్తుల్లో చేరుతుంది. అందుకని మా ఇంట్లో పొద్దున్నే ముప్పావు లీటరు సీసా ఒకటి నింపి గూట్లో పెడతాం. మర్నాటి పొద్దుటి దాకా ఆవిడకు ఉన్నది అదే. టీ తాగితే అంత తగ్గించి పోస్తాం. గంజి తాగితే అంత. చారు పోసుకుంటే అంత. మాత్రలన్నీ ఒకే గుక్కతో మింగడం నేర్చుకుంది. ఎండాకాలం నాలుక అంగిట్లో అతుక్కుపోతుంటే నిమ్మచెక్క నోట్లో పెట్టుకుంటుంది, లేకపోతే ఐసుముక్క చప్పరిస్తుంది. ఆసుపత్రిలో మిషను ఎక్కించే ముందు బరువు చూస్తారు. రెండున్నర కిలోలు పెరిగిందంటే, "ఎక్కడ తాగావమ్మా?" అని అడుగుతారు. దొంగతనం బయటపడ్డ పిల్లలా తల దించుకుంటుంది.

ఇక రెండో సగం. మన ప్రాంతంలో నీళ్ల మీద పడ్డ అనుమానం చిన్నది కాదు. ఉద్దానంలో ఈ కిడ్నీ జబ్బు ఇన్ని ఇళ్లలో ఎందుకుందో దశాబ్దాల పరిశోధన తర్వాత కూడా ఇదీ కారణమని ఎవరూ తేల్చలేదు. నీళ్లన్నారు, నేలన్నారు, పురుగుమందులన్నారు, ఎండలో ఒళ్లు హూనమయ్యే పనన్నారు. శ్రీలంక ఉత్తర మధ్య ప్రాంతంలో వరి రైతులకూ, నికరాగువా, ఎల్ సాల్వడార్ చెరకుతోటల కూలీలకూ ఇలాంటి జబ్బే వస్తోంది. అక్కడా జవాబు తేలలేదు. 2023 డిసెంబరు 14న పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి, పరిశోధన కేంద్రం ప్రారంభమయ్యాయి. హిరమండలం నుంచి వంశధార నీళ్లను గొట్టాల్లో ఉద్దానానికి తెచ్చే పథకాన్నీ అదే రోజు ప్రారంభించారు. ఆసుపత్రి వచ్చింది, గొట్టాలు వచ్చాయి, భయం మాత్రం పోలేదు. తాతలు తవ్విన బావి వైపు అనుమానంగా చూస్తూ బతకడం ఎలా ఉంటుందో బయటివాళ్లకు తెలియదు. మా ఊరి పేరు చెబితే పిల్లనివ్వడానికి వెనకాడతారు. చుట్టాలొస్తే సంచిలో సీసా తెచ్చుకుంటారు. మేం చూడనట్టు నటిస్తాం.

అలాంటి ఊరికి మీరు జీవజలం గురించి చెప్పడానికి వస్తున్నారు. వస్తూ వస్తూ మీ నీళ్లు మీరే తెచ్చుకుంటున్నారు.

యోహాను సువార్త నాలుగో అధ్యాయం మీలో ఒక్కొక్కరూ ఎన్నిసార్లు ప్రసంగించి ఉంటారో లెక్కలేదు. సమరయ స్త్రీ బావి దగ్గరికి వస్తుంది, మధ్యాహ్నపు ఎండ, యేసు అలసిపోయి గట్టు మీద కూర్చుని ఉంటాడు. మనం సాధారణంగా జీవజలం మాట దగ్గర ఆగి అక్కడి నుంచి గొంతు పెంచుతాం. కాస్త వెనక్కి వెళ్లండి. ఆయన నోటివెంట వచ్చిన మొదటి మాట ఏమిటి? బోధ కాదు, వాగ్దానం కాదు, ఆమె పాపం సంగతీ కాదు. తాగడానికి నీళ్లిమ్మని అడిగాడు. యూదులు సమరయుల గిన్నె ముట్టని కాలంలో, ఆమె కడవలో, ఆమె చేదిన నీళ్లు. ఆమెకు ఆశ్చర్యం కలిగించింది కూడా అదే. నా దగ్గరా అడుగుతున్నావు అంది. సంభాషణ అక్కడ పుట్టింది. ఆయన దగ్గర చేద లేదు, బొక్కెన లేదు. ఆమె దయతలిస్తే తప్ప ఆయన దాహం తీరదు. ముందు ఆమెను ఇచ్చే మనిషిని చేశాడు. తర్వాత తనిచ్చేదాని మాట ఎత్తాడు.

అయ్యా, నాకు చెప్పాలని ఉన్నది ఇంతే. ఇవ్వడానికి వచ్చేవాళ్లు ముందు అడగడం నేర్చుకోవాలి.

ఇది నేను కొత్తగా కనిపెట్టింది కాదు. మా నాయనమ్మ ఇంటింటికీ వెళ్లి వాక్యం చెప్పే బైబిలు స్త్రీ. టెక్కలి, సోంపేట, పర్లాకిమిడిల్లో కెనడా బాప్టిస్టు మిషన్ కేంద్రాలు ఉన్న రోజులవి. మీలో పెద్దవాళ్లకు ఆ బైబిలు స్త్రీలు గుర్తుండే ఉంటారు. తెల్లచీర, భుజాన గుడ్డసంచి, కాళ్లకు చెప్పులుండేవి కావు. నాయనమ్మ రోజూ నాలుగైదు మైళ్లు నడిచేది. మాది బావి దగ్గరికి రానివ్వని కులం. అయినా వెళ్లిన ప్రతి ఇంటి ముందూ ఆగి, "అమ్మా, గుక్కెడు మంచినీళ్లు పొయ్యండి" అని అడిగేది. వాళ్లు అరుగు మీద నిలబడి ఎత్తు నుంచి పోసేవారు. ఆవిడ కింద వంగి దోసిలి పట్టేది. మోచేతుల మీదుగా కారి చీర తడిసేది. మా నాన్నకు చిన్నప్పుడు అది చూస్తే ఏడుపొచ్చేదట. ఎందుకు అడుగుతావు, మనింటి నుంచి ముంత తీసుకెళ్లొచ్చు కదా అంటే, నాయనమ్మ అనేదట: "నీళ్లు పోసినంతసేపు ఆవిడ నా ముకం సూస్తాది కదరా."

అలా ముఖం చూసి చూసి, ఎన్నేళ్లకో ఒక ఇంటి పెద్దమ్మ దోసిట్లో పోయకుండా చెంబు చేతికిచ్చింది. ఆవిడ క్రైస్తవురాలు కాలేదు. చనిపోయేదాకా సంక్రాంతికి ముగ్గు వేసింది, ఏటేటా రావివలస వెళ్లి ఎండల మల్లన్నకు మొక్కింది. కానీ ఆ ఇంట్లో ఎవరికి జ్వరం వచ్చినా నాయనమ్మకు కబురొచ్చేది. వచ్చి కూర్చుని ప్రార్థన చెయ్యమనేవారు. నాయనమ్మ జీవితంలో ఎంతమంది బాప్తిస్మం తీసుకున్నారో మా ఇంట్లో ఎవరికీ తెలియదు. ఆవిడ లెక్క పెట్టుకోలేదు. ఆ చెంబు కథ మాత్రం మూడు తరాలకూ తెలుసు. దోసిట్లో నీళ్లు పోయడం అవమానమే. అందులో పుణ్యమేదో ఉందని నేననను. ఆ అవమానాన్ని దాటి ముఖాముఖికి దారి తీసిన ఆవిడ ఓపిక గురించే చెబుతున్నాను. ఆవిడ కింద నిలబడి అడిగింది. మీరు కారు దిగి నిలబడి కూడా అడగలేకపోతున్నారు.

మీ ప్రసంగాల్లో తరచూ ఒక మాట వింటుంటాను, ఈ ప్రాంతంలో ఆత్మీయ ఆకలి పుట్టించాలని. ఆ మాట నాకు మింగుడుపడదు. మన జిల్లాలో ఆకలి ఎవరో వచ్చి పుట్టించేదాకా ఆగిందెప్పుడు? కార్తీకమాసం తెల్లవారుజామున చన్నీళ్లు పోసుకుని దీపం వదిలే ఆడవాళ్లది ఆకలి కాదా? పైకప్పు లేని గుడిలో ఎండకూ వానకూ నిలబడ్డ మల్లన్న దగ్గరికి నడిచి వచ్చేవాళ్లది? 2025 నవంబరు 1, ఏకాదశి నాడు కాశీబుగ్గ వేంకటేశ్వరుడి గుడిలో తొక్కిసలాట జరిగి మనవాళ్ల ప్రాణాలు పోయాయి. ఎక్కువమంది ఆడవాళ్లే. చేతిలో కొబ్బరికాయతో, మనసులో ఏదో మొక్కుతో వెళ్లినవాళ్లు. ఆ వారం డయాలసిస్ వార్డు బయట ఇదే బెంచీ మీద హిందువులం, క్రైస్తవులం కలిసే ఏడ్చాం. మా చర్చిలో ముందు వరసలో కూర్చునే ఒక విశ్వాసి మాత్రం, దేవుడెవరో తెలియక వెళ్లారని అనేశాడు. నాకు సిగ్గేసింది. దేవుడు కావాలని వెళ్లినవాళ్ల గురించి మాట్లాడేటప్పుడు చెప్పులు విడిచి మాట్లాడాలి.

మన కీర్తనల పుస్తకం తెరవండి. అందులో ఎన్నో పాటలు రాసిన పురుషోత్తమ చౌదరి ఎక్కడివారు? మన పక్కనే, పర్లాకిమిడి ప్రాంతంలో 1803లో ఒక వైష్ణవ బ్రాహ్మణ కుటుంబంలో పుట్టారు. చేతికందిన ఒక తెలుగు కరపత్రం ఆయన్ను కదిలించిందని చెబుతారు. 1833లో కటకంలో బాప్తిస్మం తీసుకున్నారు. అప్పటికి ముప్ఫై ఏళ్లు. కరపత్రం ఆయన చేతికి రాకముందే ఆయనలో ఆకలి ఉంది. కాగితం దాన్ని పుట్టించలేదు, దారి చూపించిందంతే. ఆ తర్వాత 1890లో కన్నుమూసేదాకా ఆయన చేసిందేమిటి? తాను చిన్నప్పటి నుంచీ విన్న భక్తి సంగీతాన్ని విడిచిపెట్టలేదు. రాగం, తాళం పైన రాసుకుని కీర్తన కట్టారు. జీవజలాన్ని ఈ దేశపు పాత్రలో ఇవ్వాలని తర్వాతి కాలంలో సాధు సుందర్ సింగ్ అనేవారు. మన చౌదరిగారు ఆయనకన్నా ముందే ఆ పాత్ర తోమి సిద్ధం చేశారు. ఇవాళ మన సభల్లో ఆ కీర్తనలు వినబడటం తగ్గింది. డ్రమ్ముల చప్పుడుకు మా ఇంటి రేకులు అదురుతున్నాయి. పాత పాట ఎత్తుకుంటే, చర్చి ముఖం చూడని ముసలివాళ్లు కూడా వీధి అరుగు మీద చెవి ఒగ్గుతారు. ఆ రాగం వాళ్లది కూడా.

ఇంకొక పెద్దాయన్ని చెబుతాను. ఆయన క్రైస్తవుడు కాదు, అయినా మనం నేర్చుకోవాల్సింది ఉంది. గిడుగు రామమూర్తి పంతులుగారు పర్లాకిమిడి బళ్లో పాఠాలు చెప్పుకుంటూ, కొండల మీది సవరల భాష నేర్చుకున్నారు. వాళ్లను ఇంటికి పిలిచి, పక్కన కూర్చోబెట్టుకుని, వాళ్ల దగ్గర శిష్యుడయ్యారు. వాళ్ల పిల్లలకు బడులు ఆ తర్వాత పెట్టారు. 1931లో సవర భాషకు వ్యాకరణం అచ్చయింది. చదువు చెప్పే ముందు చదువు అడిగి తీసుకున్న మనిషి ఆయన. ఒక పంతులుగా నాకు ఆయన గురువు. మీకూ కావచ్చు.

సోంపేట ఆరోగ్యవరం ఆసుపత్రి సంగతి మీకు తెలుసు. కెనడా నుంచి వచ్చిన బెన్ గలిసన్ డాక్టరుగారు అక్కడ కంటి ఆపరేషన్లు చేశారు. ఆ పని గురించి విన్న కాల్గరీ నగరపు వ్యాపారి ఒకాయన 1963లో మొదలుపెట్టిన సంస్థే ఇవాళ ఆపరేషన్ ఐసైట్ పేరుతో దేశదేశాల్లో చూపు పోయినవాళ్లకు పనిచేస్తోంది. మన సోంపేట గదుల్లోంచి మొదలైన కథ అది. గుడ్డివాళ్లకు చూపు వస్తుందని సువార్తల్లో చదివినవాళ్లు కత్తి, సూది, పొరతీసే విద్య చేతబట్టారు. ప్రార్థనా చేశారు, ఆపరేషనూ చేశారు. ఒకటి చేస్తే రెండోది అవిశ్వాసం అవుతుందని వాళ్లకు తోచలేదు.

ఈ మాట ఎందుకు ఎత్తానంటే, ఆ స్వస్థత సభ రెండో రాత్రి వేదిక మీద నుంచి ఒక ప్రకటన వచ్చింది. నిజమైన విశ్వాసి మిషను మీద ఆధారపడడని. మా వరసలో కూర్చున్న ఒకావిడ అది విని రెండు డయాలసిస్‌లు మానేసింది. తర్వాత ఒక రాత్రి ఊపిరాడక ఆటోలో పలాస పరిగెత్తించారు. బతికింది. దేవుని దయ, ఆ రాత్రి డ్యూటీలో ఉన్న నర్సు చురుకుతనం. సభ పెట్టినవాళ్ల టెంట్లు అప్పటికి ఎత్తేశారు. ఆమె ఎలా ఉందని అడగడానికి ఎవరూ రాలేదు.

మీలో కొందరు నన్ను అల్పవిశ్వాసి అంటారని తెలుసు. దేవుడు స్వస్థపరచగలడని నమ్మవా అంటారు. నమ్ముతాను. రోజూ రాత్రి ఆవిడ పాదాల వాపు నొక్కి చూస్తూ అదే అడుగుతాను. కానీ దేవుణ్ణి అడగడం వేరు, ఆయన తరఫున మాటివ్వడం వేరు. ప్రార్థన నా హక్కు, ఫలితం ఆయన చిత్తం. మధ్యలో మైకు పట్టుకుని హామీ రాసిచ్చే అధికారం మనలో ఎవరికీ లేదు.

చట్టం సంగతి కూడా ఒక మాట. రాజ్యాంగం 25వ అధికరణం మన మతాన్ని ఆచరించుకునే హక్కుతో పాటు ప్రచారం చేసుకునే హక్కూ ఇచ్చింది. ఆ హక్కును ఎవరైనా కాలరాస్తే మీ పక్కన నిలబడేవాళ్లలో నేనుంటాను. కరపత్రం పంచినందుకు కుర్రాళ్లను కొడితే అది తప్పే. అయితే 1977లో సుప్రీంకోర్టు, ప్రచారం చేసుకోవచ్చుగాని ఇంకొకరి మతం మార్చడం హక్కు కాదని తీర్పిచ్చింది. మంత్రాలు, తాయెత్తులతో జబ్బులు నయమవుతాయని ప్రకటనలు చేయడాన్ని 1954 నాటి చట్టం నిషేధించింది. ఆ జబ్బుల పట్టికలో మూత్రపిండాల జబ్బు కూడా పాత పేరుతో ఉంది. మంచం పక్కన చేసే ప్రార్థనకు ఆ చట్టం అడ్డురాదనే నా నమ్మకం. కానీ పోస్టరు మీద 'కిడ్నీ వ్యాధికి సంపూర్ణ విడుదల' అని అచ్చేస్తే, అది సువార్తా లేక మందు ప్రకటనా అని అడిగేవాడికి ఏం జవాబు చెబుతారు? రోగాన్ని అడ్డం పెట్టుకుని మతం మారుస్తున్నారని మనమీద నింద ఉంది. ఆ పోస్టరు గోడకు అంటించిన రోజు ఆ నింద నిజమవుతుంది. మనవాళ్ల బాధ మీకు ప్రవేశద్వారం కాకూడదు.

మరి సువార్త చెప్పడం మానేయాలా? మానొద్దు. ఆకలేసినవాడికి అన్నం దొరికితే పక్కవాణ్ణి పిలవకుండా ఉండలేడు, అది సహజం. అసలు ఈ ప్రాంతంలో అది ఎక్కడ సాగుతోందో చూశారా? పలాస జీడిపప్పు పిక్కల షెడ్డుకు ఒకసారి వెళ్లండి. చేతులకు బూడిదో ఆముదమో రాసుకుని ఆడవాళ్లు పిక్కలు కొడుతుంటారు. అయినా జీడి అంటి వేళ్లు నల్లబడతాయి, చర్మం ఊడుతుంది. పక్కపక్కన కూర్చున్న ఇద్దరిలో ఒకామె ఆదివారం చర్చికి వెళ్తుంది, రెండో ఆమె వెళ్లదు. మధ్యాహ్నం క్యారియర్లు విప్పినప్పుడు ఒకరి కూర ఒకరు పంచుకుంటారు. మొగుడి తాగుడు, కొడుకు చెన్నైలో పని, అత్తగారి క్రియాటినిన్. "మొన్న నాకు దిగులేసి పోతే ప్రార్థన సేసుకున్నానప్పా, గుండి కుదుట పడింది" అంటుంది మొదటామె. అంతే. రెండో ఆమె ఏమీ అనదు. ఇంకో వారానికి, "నాక్కూడా సెయ్యవే" అంటుంది. అక్కడ మైకు లేదు, కానుక సంచి లేదు, లెక్క రాసుకునే పుస్తకం లేదు. ఒకే ఎత్తు పీటల మీద కూర్చున్నారు. ఒకరి ముద్ద ఒకరు తిన్నారు.

సమరయ స్త్రీ చేసిందీ అదే. కడవ అక్కడే వదిలేసి ఊళ్లోకి పరిగెత్తింది. వాదించలేదు, బెదిరించలేదు. వచ్చి చూడండని పిలిచింది. ఆయనే ఏమో అని ప్రశ్నగా వదిలింది. తర్వాత ఊరివాళ్లు తామే విన్నారు, తామే నమ్మారు. ఆమె పేరు కూడా యోహాను రాయలేదు.

కాబట్టి నా మనవి వినండి. మా ఊరు వచ్చే ముందు కారు ఊరి బయట ఆపి నడిచి రండి. కిడ్నీ జబ్బు ఉన్న ఇంటికి వెళ్తే మొదట మంచినీళ్లు అడగండి. భయమైతే క్యాను నీళ్లివ్వమనండి, మేం ఏమీ అనుకోం, మేం తాగేవీ అవే. తాగిన తర్వాత కాసేపు ఊరికే కూర్చోండి. కొబ్బరి ధర ఎంతుందో, తిత్లీకి పడ్డ చెట్ల చోట వేసిన మొక్కలు కాపుకొచ్చాయో లేదో అడగండి. మనిషి తన బాధ తాను చెప్పుకునేదాకా ఆగండి. ప్రార్థన చెయ్యమంటారా అని అడిగి, ఒప్పుకుంటేనే చెయ్యండి. వద్దంటే నవ్వుతూ వచ్చేయండి. డయాలసిస్ మానమని ఎవరితోనూ ఎప్పుడూ అనకండి. మానుతున్నామని ఎవరైనా చెబితే, వాళ్లను బండి మీద ఎక్కించుకుని మీరే పలాస తీసుకెళ్లండి. మిషను దగ్గర నాలుగు గంటలు ఈ బెంచీ మీద నా పక్కన కూర్చోండి. ఇక్కడ ఏ ప్రసంగమూ చెయ్యనక్కర్లేదు. ఇక్కడ కూర్చున్నవాడు ఎవరి మనిషో అందరికీ అర్థమవుతుంది.

ఆ గ్లాసు సంగతి ముగించి సెలవు తీసుకుంటాను. ఆ రోజు తర్వాత నా భార్య ప్రార్థన మానేసింది. చర్చికి రానంది. బైబిలు దిండు పక్కనే ఉండేది, తెరిచేది కాదు. నేనేమీ అనలేదు. ఒకనాడు ఎందుకో యోహాను సువార్త చివరి అధ్యాయాలు చదువుతూ కూర్చుంది. సిలువ మీద యేసు దాహమన్న చోట ఆగింది. ఆ మాట రాసింది నలుగురు సువార్తకర్తల్లో యోహాను ఒక్కడే. బావి దగ్గర నీళ్లడిగిన సంగతీ ఆయన ఒక్కడే రాశాడు. అక్కడ యేసు తాగాడో లేదో మాత్రం చెప్పలేదు. ఆవిడ వేలు ఆ దాహం మాట మీద పెట్టి చాలాసేపు ఉంది. "ఈయనకీ గొంతెండిపోయిందండి" అంది. ఏ స్వస్థత సభా ఆవిడకు చెప్పలేని సంగతి అది. తన దాహం తెలిసినవాడు ఒకడున్నాడని.

పోయిన నెల మిట్టమధ్యాహ్నం పక్క ఊరి సంఘపు కుర్ర పాస్టరు పాత బండి మీద వచ్చాడు. చొక్కా అంతా చెమట. గుమ్మంలో నిలబడి, "అమ్మా, దాహమేస్తోంది, కాసిన్ని మంచినీళ్లివ్వండి" అన్నాడు. ఈ ఉత్తరం సంగతి అతనికి తెలియదు, నేనింకా మొదలే పెట్టలేదు. ఆవిడ లేచింది. కంచు గ్లాసు తీసింది. ఆ కుర్రాడు గ్లాసు ఎత్తి గటగటా తాగాడు, గెడ్డం మీద కారింది తుడుచుకున్నాడు, ఇంకో గ్లాసు అడిగాడు. ఆవిడ గుమ్మం పట్టుకుని నిలబడి, అతను మింగిన ప్రతి గుక్కా చూసింది. తర్వాత తానే కుర్చీ లాగి వేసింది.

అతను గంట కూర్చున్నాడు. వెళ్లబోతూ, "ప్రార్థన చెయ్యమంటారా అమ్మా?" అన్నాడు.

"సెయ్యి బాబూ" అంది.

ఇట్లు,
మీ సభల్లో వెనక వరస మాస్టారు,
మందస మండలం, ఉద్దానం.